బ్రహ్మ ప్రకాష్

బ్రహ్మ ప్రకాష్ (1912 ఆగష్టు 21 – 1984 జనవరి 3) ప్రముఖ భారతీయ లోహ శాస్త్రవేత్త. అణు రియాక్టర్లకు కావలసిన యురేనియం, జిర్కోనియం వంటి లోహాలను దేశంలోనే తయారుచేసే పరిశ్రమకు పునాది వేసినవారిలో ముఖ్యుడు. ఈయన జన్మస్థలం లాహోరు. అయితే హైదరాబాదులోని అణు ఇంధన సముదాయం (ఎన్.ఎఫ్.సి.), మిశ్ర ధాతు నిగమ్ (మిధాని)ల స్థాపనకు చేసిన కృషి వలన తెలుగు నేలతో ఈయనకు గట్టి సంబంధం ఏర్పడింది.

విద్య, ఉద్యోగం

పంజాబ్ విశ్వవిద్యాలయం నుండి రసాయన శాస్త్రంలో డాక్టరేటు పొందాడు. తరువాత అమెరికాలోని ఎం.ఐ.టి.లో లోహశాస్త్రంలో మరొక డాక్టరేటు సాధించాడు. 1951 నుండి 1957 వరకు బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో లోహశాస్త్ర విభాగాధిపతిగా పనిచేశాడు. ఆ పదవి చేపట్టిన తొలి భారతీయుడు ఈయనే. 1957లో ట్రాంబేలోని అణుశక్తి సంస్థలో లోహశాస్త్ర విభాగానికి నాయకత్వం వహించాడు. 1959 జనవరిలో అక్కడ తొలి శుద్ధ యురేనియం దిమ్మె తయారయింది. 1960లో ప్రారంభమైన సైరస్ రియాక్టరు ఇంధనంలో కొంత భాగం ట్రాంబేలోనే రూపొందింది.

రియాక్టరు లోహాల సమస్య

ఈయన కృషి విలువ తెలియాలంటే రియాక్టరులో లోహం ఏమవుతుందో తెలుసుకోవాలి. లోహంలో పరమాణువులు వరుసలుగా అమరి ఉంటాయి. వేగంగా వచ్చిన న్యూట్రాన్ ఒక పరమాణువును ఢీకొంటే అది తన స్థానం నుండి ఎగిరిపడి, పక్కనున్న మరెన్నింటినో తొలగిస్తుంది. అవి వదలిన చోట్ల ఖాళీలు మిగులుతాయి. స్థానం తప్పిన పరమాణువులు ఇతర పరమాణువుల మధ్య ఇరుక్కుంటాయి. చాలావరకు వెంటనే సర్దుకున్నా, మిగిలినవి ఏళ్ళ తరబడి పోగుపడి లోహాన్ని గట్టిపరచి పెళుసుగా మారుస్తాయి. యురేనియం లోహం ఉబ్బుతుంది. జిర్కోనియం గొట్టాలు ఏ బరువూ లేకపోయినా పొడవు పెరుగుతాయి, బరువుంటే క్రమంగా వంగుతాయి.

అయినా జిర్కోనియాన్నే ఎన్నుకోవడానికి కారణం అది న్యూట్రాన్లను చాలా తక్కువగా పీల్చుకోవడం. చిక్కేమిటంటే, దానితో కలిసి దొరికే హాఫ్నియం ఐదు వందల రెట్లకు పైగా పీల్చుకుంటుంది. రసాయన గుణాలలో ఈ రెండూ కవలల వంటివి గనుక విడదీయడం కష్టం. సముద్రతీరపు ఇసుకలోని జిర్కాన్ నుండి హాఫ్నియం లేని జిర్కోనియం తీసే పద్ధతిని ట్రాంబేలో అభివృద్ధి చేశారు. 1971లో హైదరాబాదులో స్థాపించిన ఎన్.ఎఫ్.సి. దానిని పరిశ్రమ స్థాయికి తెచ్చింది.

గొట్టాల సమస్య అంతటితో తీరలేదు. 1983 ఆగష్టులో కెనడాలోని పికరింగ్ రెండవ రియాక్టరులో జిర్కాలాయ్-2 పీడన గొట్టం ఒకటి పగిలింది. అది వంగి, బయటి చల్లని గొట్టానికి తగిలినచోట హైడ్రైడ్ పేరుకుని పెళుసుబారడమే కారణం. రాజస్థాన్ రెండవ రియాక్టరులోనూ అదే మిశ్రలోహపు గొట్టాలుండేవి. 1990లలో వాటన్నిటినీ తొలగించి, 2.5 శాతం నియోబియం కలిపిన జిర్కోనియం గొట్టాలను అమర్చారు. ఈ కొత్త గొట్టాలు ఎన్.ఎఫ్.సి.లో తయారైనవే. వాటిని చూడడానికి బ్రహ్మ ప్రకాష్ అప్పటికి లేడు.

తరువాతి జీవితం

1972 నుండి 1979 వరకు తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రానికి తొలి సంచాలకుడుగా ఉన్నాడు. ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు నిర్మాణం ఆ కాలంలోనే సాగింది. 1961లో పద్మశ్రీ, 1963లో శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి, 1968లో పద్మభూషణ్ లభించాయి.