ఆంధ్రరత్న దుగ్గిరాల వారు - చీరాల కదిలిన రోజులు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి పంపమని సంపాదకవర్గం వారు కోరగానే నాకు తోచిన పేరు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారిది. నేను రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయినవాణ్ణి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే 1977 నవంబరు 19 ఉప్పెన వచ్చింది. ఆ తర్వాత సహాయ శిబిరాల్లో డ్యూటీ చేశాను. ఇల్లు వదిలివచ్చిన కుటుంబానికి మొదటి వారం అన్నం కావాలి, రెండో నెల నుంచి పని కావాలి అని అక్కడే తెలిసింది. అంతకు 56 ఏళ్ల ముందు, సర్కారు సాయం లేకుండా, సర్కారు మీద నిరసనగానే ఒక పట్టణాన్ని మొత్తం బయటికి నడిపించిన వ్యక్తి గోపాలకృష్ణయ్య గారు.

ఆయన 1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి బంధువుల నీడన పెరిగారు. గుంటూరులో చదువుకున్నారు. కొంతకాలం బాపట్ల తాలూకా కచేరీలో ఉద్యోగం కూడా చేశారు. అంటే మన పెన్షనర్ల కులమే! ఆ కొలువులో మనసు నిలవక 1911లో మిత్రుడు నడింపల్లి నరసింహారావు గారితో కలిసి స్కాట్లండు వెళ్లి, ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పట్టా పొందారు. ఆనంద కుమారస్వామి గారితో కలిసి నందికేశ్వరుని అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. అది 1917లో అమెరికాలో అచ్చయింది. తిరిగివచ్చాక రాజమండ్రిలో, బందరు జాతీయ కళాశాలలో ఉపాధ్యాయులుగా ఉండి, చివరికి చీరాల చేరారు. అక్కడ ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠిని స్థాపించారు.

ఆయన తయారుచేసిన మరొక వ్యవస్థ రామదండు. దండు అంటే సైన్యమే గాని చేతిలో ఆయుధం లేదు. కాషాయ వస్త్రం, మెడలో రుద్రాక్షలు, నుదుట బొట్టు, నోట రామనామం. 1921 మార్చి ఆఖరున బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశాలు జరిగినప్పుడు, గాంధీ గారిని చూడవచ్చిన జనసముద్రాన్ని అదుపులో పెట్టింది ఈ దండే. క్రమశిక్షణ కూడా నేర్చుకోవలసిన విద్యేనని, నేర్పితే సామాన్యులకూ వస్తుందని ఆయన నిరూపించారు.

ఇక చీరాల సంగతి. చీరాల, పేరాల గ్రామాలను కలిపి ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. పన్నులు ఎన్నో రెట్లు పెరిగాయి. ఊళ్లో అధికులు నేతపనివారు, చిన్న రైతులు, కూలీలు. మునిసిపాలిటీ మాకు వద్దని వారు అర్జీలు పెట్టుకున్నారు. ఫలితం లేక పన్ను కట్టడం మానేశారు. కొందరిని జైలుకు పంపారు. వారిలో రావూరి అలమేలుమంగమ్మ అనే స్త్రీ కూడా ఉన్నారు. 1921 ఏప్రిల్ 6న గాంధీ గారు చీరాల వచ్చి రెండు దారులు చూపారు: శాంతియుతంగా పన్ను నిరాకరించడం, లేదా మునిసిపాలిటీ హద్దు దాటి వెళ్లిపోవడం. చీరాల ప్రజలు రెండోదే ఎంచుకున్నారు.

ఆ దారి ఎంత కఠినమో తెలియజెప్పే ఉదాహరణ అప్పటికి ఏడాది ముందే ఉంది. 1920లో ఖిలాఫత్ ఉద్యమ సమయంలో వేలాది ముస్లిములు హిజ్రత్ పేరిట ఆఫ్ఘనిస్తానుకు తరలివెళ్లి, నిలదొక్కుకోలేక చాలామంది చితికిపోయి తిరిగివచ్చారు. అయినా చీరాల కదిలింది. సుమారు 15 వేల జనంలో 13 వేలకు పైగా ముసలీ ముతకా, బాలింతలూ పసిపిల్లలతో సహా ఎండాకాలంలో ఇళ్లు వదిలి పాకలు వేసుకున్నారు. ఆ కొత్త ఊరికి రామనగర్ అని పేరు. పంచాయతీ, తగవుల పరిష్కారం, కాపలా అన్నీ వాళ్లే చూసుకున్నారు. రామదండు వెన్నుదన్నుగా నిలిచింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. నేతగాని మగ్గం ఇంటి నేలలో తవ్విన గుంటలో ఉంటుంది. పడుగుకు గంజి పెట్టాలంటే వీధి పొడవునా చోటు కావాలి, వాన పడకూడదు. ఇల్లు వదలడమంటే ఆ కుటుంబానికి పనిముట్టును వదలడమే. పాకలో మనిషి తలదాచుకోగలడు గాని, తడినేలలో మగ్గం సాగదు. అందుకే నెలలు గడిచేకొద్దీ డబ్బు అవసరం పెరిగింది. విరాళాల కోసం గోపాలకృష్ణయ్య గారు ఊరూరా తిరిగారు. బరంపురంలో ఉపన్యసించరాదన్న ఉత్తరువును ధిక్కరించినందుకు ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలుకు పంపారు. నడిపించే మనిషి లేకపోయినా జనం మొత్తం మీద 11 నెలలు నిలబడ్డారు. 1922లో సహాయ నిరాకరణ ఆగిపోయాక ఇళ్లకు చేరారు. మునిసిపాలిటీ అలాగే ఉండిపోయింది.

ఇది ఓటమేనా అని నన్ను మా మనవడు అడిగాడు. పన్ను లెక్కన చూస్తే ఓటమే. కానీ 1947లో దేశవిభజన శరణార్థులు లక్షల్లో వచ్చినప్పుడు ప్రభుత్వానికి ఎదురైన ప్రశ్న కూడా రామనగర్ ప్రశ్నే. కల్యాణ్ దగ్గర ఖాళీ అయిన మిలిటరీ శిబిరంలో సింధీ కుటుంబాలకు చోటిచ్చారు. అదే నేటి ఉల్లాస్‌నగర్. పంజాబు వైపు నీలోఖేరిలో చేతిపనులు నేర్పుతూ ఊరే కట్టారు. నీడతో పాటు పని చూపిన చోట జనం వేళ్లూనుకున్నారు. చీరాల వారికి ఐకమత్యం ఉంది, దండు ఉంది, నాయకుడున్నాడు. వెనుక ఖజానా లేదు. ఖజానా ఉన్న ప్రభుత్వం ఎదుటి పక్షాన ఉంది.

గోపాలకృష్ణయ్య గారు ఉన్న ఆస్తి దేశసేవలో హరింపజేసుకుని, పేదరికంలో క్షయవ్యాధితో 1928 జూన్ 10న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 39 ఏళ్లు. మన ఉద్యోగాల్లో అది ఇంకా సగం సర్వీసు మిగిలి ఉండే వయస్సు. విజయవాడలో ఆంధ్రరత్న భవన్ ఆయన పేరున ఉంది. 2022 నుంచి చీరాల బాపట్ల జిల్లాలో చేరింది గాని, మన గుంటూరు, ఒంగోలు వాసులందరికీ అది సొంత ఊరు లాంటిదే. అటు వెళ్లే సభ్యులు పిల్లలకు రామనగర్ చూపించి, ఈ కథ చెప్పవలసిందిగా నా మనవి.