కెమెరాతో వచ్చి మనవాడైన హైమన్‌డార్ఫ్

మన గూడేలకు, తండాలకు, పెంటలకు కెమెరాలు రావడం కొత్త కాదు. వస్తారు, ఆడమంటారు, విల్లు పట్టుకుని నిలబడమంటారు, వెళ్లిపోతారు. ఆ బొమ్మలు ఏమయ్యాయో మనకు తెలియదు. ఎనభై ఏళ్ల కిందట అలాగే కెమెరాతో వచ్చిన ఒక దొర మాత్రం అలా వెళ్లిపోలేదు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆయన కథ మీకు తెలియాలి.

క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పుట్టారు. అక్కడే మానవశాస్త్రం చదివారు. 1936లో నాగా కొండలకు వచ్చి కొన్యక్ నాగాల మధ్య గడిపారు. నాగాలను నగ్నంగా తిరిగేవాళ్లంటూ ఆ పుస్తకానికి పెట్టిన పేరు నాకు నచ్చదు. అప్పటికి ఆయన చూపు కూడా బయటివాడి చూపే. 1938లో బెట్టీని పెళ్లి చేసుకున్నారు. తర్వాతి అడవి ప్రయాణాల్లో ఆమె ఆయన పక్కనే నడిచారు.

1939లో దంపతులు మళ్లీ ఇండియా వచ్చారు. అంతలో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆస్ట్రియా అప్పటికే జర్మనీలో కలిసిపోవడంతో ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్ట్. బ్రిటిష్ వారి లెక్కలో శత్రుదేశస్థుడు. నిజాం సంస్థానం దాటి పోకూడదని కట్టడి చేశారు. మరొకరైతే హైదరాబాద్ బంగళాలో కూర్చుని యుద్ధం అయిపోయేదాకా రోజులు లెక్కపెట్టుకునేవారు. ఆయన అడవి దారి పట్టారు.

ముందు చెంచుల దగ్గరికి వెళ్లారు. మన మాచర్ల నుంచి కృష్ణ దాటి పడమరకు పోతే వచ్చే అమ్రాబాద్ పీఠభూమి అది. నది ఇవతలా అవతలా ఒకటే నల్లమల. పెంటల్లో ఉండి, గడ్డలు తవ్వడం, తేనె తీయడం, కుటుంబాలు కలిసి విడిపోయే తీరు అన్నీ రాసుకున్నారు. చెంచుల మీద ఆయన పుస్తకం 1943లో వచ్చింది. తర్వాత గోదావరి కొండల్లో కొండరెడ్ల దగ్గరికి వెళ్లారు.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం అనుకుంది. ఆ పని హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉండి ఆయన తేల్చిన జవాబు ఒకటే: భూమి. తరాలుగా దున్నిన చేలను అడవి శాఖ తనదంటోంది, మిగిలినవి వడ్డీ వ్యాపారులు, బయటి రైతులు లాగేసుకుంటున్నారు. ఆ తర్వాత వేల కుటుంబాలకు పట్టాలు వచ్చాయి.

మార్లవాయిలోనే గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ కేంద్రం పెట్టించారు, గోండీలో వాచకాలు తయారు చేయించారు. మా హాస్టల్‌కు కొత్తగా వచ్చే తండా పిల్లలు మొదటి నెలల్లో నోరు విప్పరు. ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి. అందుకే ఆయన జీవితంలో నాకు ఈ భాగమే ఎక్కువ ఇష్టం. మేం ట్రైనింగ్ చేసిన రోజుల్లో మాతృభాషలో బోధన అని పాఠం ఉండేది గానీ, అందులో మార్లవాయి పేరు లేదు.

అరుణాచల్ కొండల్లో అపతానీలు, నేపాల్లో షెర్పాలు, ఇలా ఆయన ప్రయాణాలు సాగుతూనే ఉన్నాయి. 16 ఎంఎం కెమెరా వెంటే ఉండేది. ఆ కెమెరాల్లో వంద అడుగుల రీలు మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. మీ ఫోన్లలో లాగా తీసి, నచ్చకపోతే చెరిపేసే వీలు లేదు. అలా తీసిన ఫిల్ములు వంద గంటలకు పైగా ఉన్నాయి. ఆయన ప్రొఫెసర్‌గా పనిచేసిన లండన్‌లోని సోయస్ సంస్థలో భద్రంగా ఉన్నాయి. మన పెద్దల చరిత్ర లండన్ అల్మారాల్లో ఉండటం నాకు సంతోషమూ, బాధా రెండూను.

1976లో రిటైరయ్యాక పాత ఊళ్లన్నీ మళ్లీ తిరిగారు. పట్టాలు వచ్చిన భూముల్లో చాలావరకు మళ్లీ ఇతరుల చేతుల్లోకి పోయాయి. తాను చేసిన మంచి కరిగిపోయిందని దాచుకోలేదు. 1982లో వచ్చిన పుస్తకంలో ఉన్నదున్నట్టు రాశారు.

బెట్టీ 1987 జనవరిలో హైదరాబాద్‌లో కన్నుమూశారు. మార్లవాయిలో గోండుల మధ్యే సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయారు. చాలా ఏళ్ల తర్వాత ఆయన అస్థికలు కూడా ఆమె పక్కకే చేరాయి. ఏటా జనవరిలో గోండులు అక్కడికి వచ్చి, తమ పద్ధతిలో ఇద్దరికీ నివాళి అర్పిస్తారు.