విశ్వవిద్యాలయ నిర్మాత కట్టమంచి రామలింగారెడ్డి

ఆంధ్రదేశమున ఉన్నతవిద్యను గూర్చి మాటలాడునపుడు ముందుగా స్మరింపదగిన పేర్లలో కట్టమంచి రామలింగారెడ్డిగారి పేరు ఒకటి. సాహిత్య విద్యార్థులు ఆయనను విమర్శకులుగా ఎరుగుదురు. అర్థశాస్త్ర విద్యార్థులు ఆ శాస్త్రమును తెలుగులో వ్రాసిన తొలితరము వారిలో ఒకరుగా ఎరుగుదురు. ఈ వ్యాసమున మేము ఆ వైపునకు ఎక్కువగా పోదలచలేదు. ఆయన ఒక విశ్వవిద్యాలయమును ఎట్లు నడిపినారు, డిగ్రీకి పైనున్న చదువును తెలుగుగడ్డకు తెచ్చుటలో ఆయన పాలు ఎంత అన్నదే మాకు ముఖ్యము. అడవులదీవి, నిజాంపట్నం, రేపల్లె ప్రాంతముల విద్యార్థులకు ఇది దూరపు సంగతి కాదు. బి.ఏ., బి.కాం. ముగిసిన తరువాత ఎక్కడకు పోవలెను, ఎంత దూరము పోవలెను, ఇంటివారు పంపగలరా అను మాటలు మన ఇండ్లలో ఏటేట వినబడుచునే యున్నవి. నూరేండ్ల క్రిందట ఆ ప్రశ్నకు మన తీరమున జవాబు ఒక్కటే యుండెడిది: మదరాసు.

రెడ్డిగారు 1880 డిసెంబరు 10వ తేదీన చిత్తూరు చెంతనున్న కట్టమంచి గ్రామమున జన్మించినారు. మదరాసు క్రైస్తవ కళాశాలలో చదువుచున్న దినములలోనే, ఇరువదియేండ్లు నిండకమునుపే, ముసలమ్మ మరణము అను కావ్యమును వ్రాసి కళాశాలలోని భాషాభిరంజని సంఘమువారి బహుమానము పొందినారు. చెరువు కట్ట తెగి ఊరు మునుగనున్న వేళ ఊరి మేలుకొరకు ప్రాణమర్పించిన ఇల్లాలి కథ అది. 1977 నవంబరు 19నాటి ఉప్పెనను కండ్లార చూచిన పెద్దలు ఇంకను జీవించియున్న ఈ తీరమునందు ఆ కథ వేరొక విధముగా మనసునకు తగులునని మా నమ్మకము. మన గ్రంథాలయమున ఆ పుస్తకము లేనిచో తెప్పించుట మంచిదని కమిటీ పెద్దలకు ఇచ్చటనే మనవి చేయుచున్నాము.

1902లో ప్రభుత్వ విద్యార్థివేతనముతో ఆయన ఇంగ్లండు చేరి కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చరిత్ర చదివినారు. అచ్చటి విద్యార్థి సంఘమైన కేంబ్రిడ్జి యూనియనుకు ఉపాధ్యక్షులుగా ఎన్నికైన మొదటి భారతీయులు ఆయనయే. తిరిగివచ్చిన పిమ్మట బరోడా కళాశాలలో, అంతకుముందు అరవింద ఘోష్ నిర్వహించిన వైస్ ప్రిన్సిపాలు పదవిని స్వీకరించినారు. బరోడా గైక్వాడ్ ప్రోత్సాహముతో అమెరికా మున్నగు దేశములు తిరిగి అచ్చటి విద్యావిధానములను పరిశీలించినారు. ఆ తరువాతి కాలమంతయు మైసూరులో గడచినది. మహారాజా కళాశాలలో ఆచార్యులుగాను, ప్రిన్సిపాలుగాను, 1918 నుండి 1921 వరకు సంస్థాన విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరలుగాను పనిచేసినారు. దివాను విశ్వేశ్వరయ్యగారి కాలమున, 1916లో, మైసూరు విశ్వవిద్యాలయము వెలసినది. స్వదేశీ సంస్థానమున పుట్టిన మొదటి విశ్వవిద్యాలయము అదియే. దాని రూపకల్పనలో రెడ్డిగారి చేయి ఉన్నది. అస్పృశ్యులుగా ఎంచబడిన వర్గముల పిల్లలకు ప్రభుత్వ పాఠశాలల తలుపులు తెరువవలెనని పట్టుబట్టినది కూడ ఆ ఉద్యోగమునందే. అగ్రవర్ణములవారి నుండి ఎదురుదెబ్బలు తగిలినను ఆయన వెనుకకు తగ్గలేదు.

ఇక ఆంధ్ర విశ్వకళాపరిషత్తు సంగతికి వత్తము. 1857లో ఏర్పడిన మదరాసు విశ్వవిద్యాలయము తన మొదటి దశలో పాఠము చెప్పెడిది కాదు, పరీక్ష పెట్టెడిది. రాజమహేంద్రవరము, విజయనగరము, కాకినాడ, బందరు, గుంటూరు, అనంతపురములలోని కళాశాలలు విద్యార్థులను సిద్ధపరచి పంపెడివి. ప్రశ్నపత్రము, మార్కులు, పట్టము మదరాసునుండి వచ్చెడివి. ఎం.ఏ. చదువదలచినవానికి, శాస్త్ర పరిశోధన చేయదలచినవానికి మన జిల్లాలలో చోటు లేకుండెను. ఈలోగా కృష్ణకు ఆవలనున్న హైదరాబాదులో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసి, ఉర్దూ భాషలో కళలు, శాస్త్రములు, వైద్యము, ఇంజనీరింగు బోధింపబూనినది. పుస్తకములు లేవన్న సాకు రాకుండ దారుల్ తర్జుమా అను అనువాద సంస్థనే ప్రత్యేకముగా నెలకొల్పిరి. ఉర్దూ, తెలుగు రెండును ఒక్క పుటలో కనబడు మన సంచికకు ఇది గర్వింపదగిన ముచ్చట. ఒక దేశభాష ఉన్నతవిద్యను మోయజాలదను వాదమునకు ఆనాడే దక్కనులో సమాధానము దొరికినది.

ఆంధ్రులకు ప్రత్యేక విశ్వవిద్యాలయము కావలెనన్న కోరిక ఆంధ్రోద్యమముతో పాటు పెరిగినది. విద్యామంత్రి ఎ.పి. పాత్రోగారి హయాములో బిల్లు శాసనసభ ముందుకు వచ్చి, 1926 ఏప్రిలు 26న చట్టము అమలులోనికి వచ్చినది. తొలి ఉపాధ్యక్షులుగా, అనగా నేటి మాటలో వైస్ ఛాన్సలరుగా, రామలింగారెడ్డిగారు నియుక్తులైనారు. అప్పటికి ఆయన రాజకీయములలో బాగుగా మునిగియున్నారు. జస్టిసు పార్టీ పక్షమున సభలో చేరి, ఆ పార్టీ నాయకుడైన పానగల్లు రాజాతో విభేదించి, 1923లో ఆయన మంత్రివర్గముపైననే అవిశ్వాస తీర్మానము పెట్టినారు. తీర్మానము ఓడిపోయినది. అట్టి మనిషిని విద్యాపీఠముపై కూర్చుండబెట్టుటను శంకించినవారు లేకపోలేదు.

వచ్చిన వెంటనే ఎదురైనది పాఠ్యక్రమముల సమస్య కాదు, ఊరి సమస్య. విశ్వవిద్యాలయము ఎక్కడ ఉండవలెను? బెజవాడయా, రాజమండ్రియా, విశాఖపట్టణమా, అనంతపురమా? తాత్కాలికముగా బెజవాడలో కార్యాలయము తెరచి పని ప్రారంభించిరి. సెనేటులోను, శాసనసభలోను, పత్రికలలోను వాదోపవాదములు ఏండ్ల తరబడి సాగినవి. చివరకు విశాఖ ఖాయమై, 1930లో కార్యస్థానము అచ్చటికి మారినది. కాని దత్తమండలములవారు తమ కళాశాలలు అంత దూరపు కేంద్రమునకు లోబడుటకు ఇష్టపడక తిరిగి మదరాసు నీడకే పోయినారు. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు మూలపురుషుడైన చిత్తూరు బిడ్డకు తన సొంత సీమయే దూరమైనది. ఈ దెబ్బ ఆయన కార్యదక్షతకు మచ్చయని కొందరందురు. దూరము విద్యార్థికి మొదటి శత్రువని రాయలసీమవారు సరిగానే గ్రహించినారని మాత్రము మేము అనుకొనుచున్నాము. రేపల్లెలో రైలెక్కి తెనాలిలో మారి పైకి పోవు విద్యార్థికి ఆ లెక్క వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ కలహముల నడుమ రెడ్డిగారు విడువక పట్టుకొన్న విషయము ఒకటి ఉన్నది. కళాశాలలను తనిఖీ చేయుట, పరీక్షలు జరుపుట, ఫలితములు ప్రకటించుట మాత్రమే చేసినచో మదరాసు కార్యాలయమునకు బెజవాడలో ఒక శాఖ తెరచినట్లగును. విశ్వవిద్యాలయమునకు తన సొంత ఆచార్యులు, ప్రయోగశాలలు, గ్రంథాలయము, పరిశోధక విద్యార్థులు ఉండవలెను. అనుబంధ కళాశాలలు జిల్లాలలో డిగ్రీ చదువు నడుపుచుండగా, ఆనర్సు, స్నాతకోత్తర విద్య, పరిశోధన కేంద్రమున జరుగవలెను. ఇప్పుడిది చిన్న మాటగా తోచవచ్చును. అప్పుడు దీనికి కావలసిన ధనము లేదు. ప్రభుత్వ గ్రాంటు అంతంతమాత్రము. పరీక్ష రుసుములతో ప్రయోగశాలలు లేవవు. సంస్థానాధీశుల గడపలు తొక్కవలసి వచ్చినది. జయపురము మహారాజు విక్రమదేవవర్మగారు ఏటా లక్షరూపాయల దానమును ప్రకటించుటతో శాస్త్ర సాంకేతిక కళాశాల ఆయన పేరనే ఏర్పడినది. లక్షరూపాయలు ఒక ఊరి ఆదాయమును మించిన ఆ రోజులలో ఆ దానము ఎంతటిదో ఊహింపవలెను.

అయితే ఆ ఫలములను చూచుటకు రెడ్డిగారు పీఠముపై లేరు. 1930లో ఉప్పు సత్యాగ్రహము సాగుచుండగా ప్రభుత్వము సత్యాగ్రహులపై ప్రయోగించిన అణచివేతకు నిరసనగా ఆయన రాజీనామా ఇచ్చినారు. ఆయన కాంగ్రెసువారు కారు. జైలుకు పోయినవారును కారు. కట్టడము సగములో నున్నది, నిధులు ప్రభుత్వము చేతిలో నున్నవి, ఛాన్సలరు స్వయముగా గవర్నరు. కళ్ళు మూసికొని ఊరకుండినచో సంస్థకు లాభము కలుగవచ్చును. అట్లుండుటయే వివేకమని చెప్పగల పెద్దలు ఏ కాలమునను ఉందురు. పదవిని విడుచుట వలన సంస్థకు నష్టమో, విడువకుండుట వలన సంస్థ గౌరవమునకు నష్టమో అను తూనికలో ఆయన రెండవ నష్టమునే పెద్దదిగా ఎంచినారు.

1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఆ స్థానమునకు వచ్చి అయిదేండ్లు నడిపినారు. ఆ ఏడే తెలుగు, చరిత్ర, రాజనీతిశాస్త్రములలో మూడేండ్ల ఆనర్సు తరగతులు మొదలైనవి. మరుసటి ఏడు శాస్త్ర కళాశాల వచ్చినది. రాధాకృష్ణన్‌గారు దేశము నలుమూలల నుండి యువ మేధావులను వెదకి తెచ్చినారు. భౌతికశాస్త్రమునకు సూరి భగవంతంగారు, రసాయనశాస్త్రమునకు టి.ఆర్. శేషాద్రిగారు అట్లు వచ్చినవారే. ఆక్స్‌ఫర్డ్ నుండి తిరిగివచ్చిన హుమాయూన్ కబీర్‌గారు వాల్తేరులో అధ్యాపకులుగా ఉండిరి. అనంతరకాలమున కేంద్రమంత్రియై, మౌలానా ఆజాద్ ఆత్మకథకు లేఖకులుగా పేరొందిన కబీర్‌గారు ఆయనే. మన కళాశాలలో అధ్యాపకుల కులమతములను లెక్కించు అలవాటు ఎన్నడును రాకుండుగాక! భగవంతంగారు తరువాత ఉస్మానియాకు వైస్ ఛాన్సలరైనారు. పునాది వేసినవారు ఒకరు, గోడలు లేపినవారు మరొకరు. ఈ ఇద్దరిలో ఎవరు గొప్ప అను వాదము వాల్తేరులో చాలకాలము సాగినదట. మాకు ఆ వాదమున ఆసక్తి లేదు.

1936లో రాధాకృష్ణన్‌గారు ఆక్స్‌ఫర్డ్ ఆచార్యపదవికి వెడలగా, సెనేటు రెడ్డిగారిని మరల ఎన్నుకొన్నది. ఈసారి 1949 వరకు, పదమూడేండ్లు. ఈ కాలముననే నాటి మన జిల్లాకు ఆ విశ్వవిద్యాలయముతో విచిత్రమైన బంధుత్వము కలిసినది. 1942 ఏప్రిలు 6న జపాను విమానములు విశాఖపై బాంబులు వేసినవి. వాల్తేరు భవనములను సైన్యము వశపరచుకొన్నది. విశ్వవిద్యాలయము పెట్టె బేడా సర్దుకొని గుంటూరు చేరినది. ఆచార్యులు, గ్రంథములు, పరికరములు, విద్యార్థులు, దస్త్రములు అన్నియు కదలవలె. భవనములలోనే విశ్వవిద్యాలయము ఉన్నదని నమ్మినచో అది ఆ ఏడే మూతపడవలసినది. కొంతకాలము గుంటూరు మట్టిపై నిలచి, పిదప తిరిగి వాల్తేరు చేరినది. మన తాతల తరమున కొందరికి ఎం.ఏ. తరగతి ఇంటి ముంగిటికి వచ్చిన ముచ్చట అది ఒక్కటే.

అదే సంవత్సరము ఆయనకు సర్ బిరుదము వచ్చినది. పండ్రెండేండ్లకు పూర్వము ఏ ప్రభుత్వపు చేష్టలను నిరసించి పీఠము విడిచినారో, ఆ ప్రభుత్వమే ఇచ్చిన బిరుదము ఇది. దీనిని ఆయన అభిమానులు తేలికగా దాటిపోవుదురు. మేము దాటిపోజాలము. కాలమో, సంస్థ అవసరమో, మనిషి మారుటయో, ఏదైనను ఆ రెండు సంవత్సరములను పక్కపక్కన పెట్టి చూచినపుడే రెడ్డిగారు పూర్తిగా కనబడుదురు.

ఎంత గొప్ప ఉపాధ్యక్షుడున్నను కార్యాలయము కార్యాలయమే. 1940 ప్రాంతమున ఒక యువకుడు వాల్తేరులో గణితశాస్త్ర ఎం.ఏ.లో ప్రథమశ్రేణి పొంది, పరిశోధక వేతనమునకు దరఖాస్తు చేసినాడు. గడువు దాటి చేరినదని అది తిరస్కరింపబడినది. ఉద్యోగము వెదకుచు కలకత్తా చేరి అచ్చటి భారత గణాంకశాస్త్ర సంస్థలో ప్రవేశించిన ఆ యువకుడే కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. గణాంకశాస్త్రమున ప్రపంచమెరిగిన ఆయనకు 2023లో, నూట రెండేండ్ల వయస్సున, ఆ శాస్త్రపు అంతర్జాతీయ బహుమతి లభించినది. నియమమును తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు, గడువు లేక కార్యాలయము నడువదు. దరఖాస్తులు పంపబోవు మన విద్యార్థులు చివరి తేదీని గోడమీద వ్రాసికొనవలెను. దరఖాస్తులు పుచ్చుకొనువారు మాత్రము ఆ కాగితము వెనుకనున్న మనిషిని ఒక్కసారి చూడవలెను.

1949లో వాల్తేరు విడిచి రెడ్డిగారు మైసూరు విశ్వవిద్యాలయమునకు ప్రో ఛాన్సలరుగా పోయినారు. తాను యౌవనమున సేవించిన చోటికే వార్ధక్యమున మరలినారు. వివాహము చేసికొనలేదు. 1951 ఫిబ్రవరి 24న మరణించినారు. ఏలూరులో 1945లో స్థాపితమైన కళాశాల ఆయన పేరనే నేటికిని నడచుచున్నది.

ఆయన పోయిన మూడేండ్లకు, 1954లో, నాటి చిత్తూరు జిల్లాలోని తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసి రాయలసీమ ఆశ తీరినది. మనకు మరి కొంత ఆలస్యమైనది. 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయము తన స్నాతకోత్తర కేంద్రమును గుంటూరున తెరచినది. 1976 సెప్టెంబరు 11న, రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్‌గారి చేతులమీదుగా ఆ కేంద్రము నాగార్జున విశ్వవిద్యాలయమైనది. అడవులదీవి నుండి ఉదయమే బయలుదేరిన విద్యార్థి అదే దినము దరఖాస్తు ఇచ్చి రాత్రికి ఇల్లు చేరగల దూరమున అది ఉన్నది.