సెర్గేయి కొరొల్యోవు

నడిసముద్రమున నున్న ఓడలోనివారును, తంతియు దారియు లేని కొండపల్లెలలోనివారును నేడు ఆకసమున తిరుగు ఉపగ్రహముల మూలమున ఇంటర్నెట్టు పొందుచున్నారు. ఉపగ్రహములను గూర్చి వినినవారు పెక్కండ్రు. వానిని పైకి గొనిపోవు రాకెట్టులను గూర్చి యోచించువారు కొలదిమంది. బండి లేనిదే బస్తా సంతకు చేరదు గదా! అట్టి బండిని నిర్మించినవారిలో మొదట నెన్నదగిన సెర్గేయి పావ్లొవిచ్ కొరొల్యోవు చరిత్రము చదువరులకు తెలియదగినది.

ఇతడు 1907వ సంవత్సరము జనవరి 12వ తేదీన ఉక్రెయిను దేశమందలి జితొమిర్ పట్టణమున జన్మించెను. తండ్రి ఉపాధ్యాయుడు. తల్లిదండ్రులు వేరుపడుటచే బాలుడు నీజిన్ పట్టణమున అమ్మమ్మ తాతల యింట, తోడి బాలురు లేక, ఒంటరిగా పెరిగెను. పిమ్మట తల్లి ఒక ఇంజనీరును వివాహమాడగా కుటుంబము ఒడెస్సా రేవునకు తరలెను. అచ్చటి సముద్రపు విమానములను చూచుచు బాలునకు ఆకాశయానముపై మక్కువ గలిగెను. పదునేడేండ్ల ప్రాయముననే అతడు ఇంజను లేని గ్లైడరు విమానమొకటి రూపించెను. కీవు నగరమున కొంతకాలము చదివి, మాస్కోలో ప్రఖ్యాత విమాననిర్మాత తూపొలెవు పర్యవేక్షణమున పట్టపరీక్షకు విమాన నమూనా సిద్ధపరచెను.

1931లో మాస్కోలో కొందరు యువకులు ఒక భవనపు నేలమాళిగలో రాకెట్టులు చేయుటకు సంఘముగా నేర్పడిరి. కొరొల్యోవు వారిలో చేరి త్వరలో నాయకుడయ్యెను. 1933 ఆగష్టు 17న వారి రాకెట్టు 400 మీటర్ల యెత్తున కెగిరెను. నేటి లెక్కకు అది పెద్ద పతంగి యెగురునంత మాత్రమే. కాని వారికి ఆనాడది పండుగయే.

అయిదేండ్లలో ఆ పండుగ కాస్త పీడకలగా మారెను. స్టాలిను ప్రభుత్వము తన దేశపు విద్వాంసులనే అనుమానించి చెరపట్టుచుండిన కాలమది. 1938 జూను 27న కొరొల్యోవును బంధించి, పరిశోధనాలయపు పనిని చెరచెనని నేరము మోపి, కొట్టి, ఒప్పుకోలుపై చేవ్రాలు చేయించి, పదేండ్ల శిక్ష విధించిరి. సైబీరియా తూర్పు చివరనున్న కొలీమా ప్రాంతపు బంగారుగనిలో, ఎముకలు కొరుకు చలిలో, అతడు కొన్ని నెలలు కూలిపని చేసెను. తిండిలేమివలన స్కర్వీ రోగము తగిలి దంతములు చాలవరకు రాలిపోయెను. 1940లో అతనిని ఒక చెరసాల కార్యాలయమునకు మార్చిరి. అచ్చట విమానములు రూపించుచున్న ఖైదీలకు పెద్ద యెవరనుకొన్నారు? పూర్వపు గురువైన తూపొలెవే! 1944లో గాని కొరొల్యోవునకు విడుదల కలుగలేదు. నిర్దోషియని ప్రభుత్వమొప్పుకొనుటకు 1957 వరకు పట్టెను.

తన్నింత బాధపెట్టిన రాజ్యమునకే అతడు తరువాత ఇరువదియేండ్లు పనిచేసెను. భయముచేతనో, దేశాభిమానముచేతనో, రాకెట్టుపై మమకారముచేతనో! మూడును గలవని మాకు తోచును.

యుద్ధానంతరము జర్మనుల వీ-2 రాకెట్టును పరిశీలించి, అంతకు మించినవి నిర్మించుటకు అతనిని నియోగించిరి. సోవియటు అణ్వస్త్రము మిక్కిలి బరువైనదగుటచే, దానిని సముద్రము దాటించుటకు మహాబలము గల రాకెట్టు కావలసివచ్చెను. అదియే ఆర్-7. నడుమ ఒక స్తంభము, చుట్టును నాలుగు పక్కరాకెట్టులు. అన్నియు నేలమీదనే ఒక్కసారి ముట్టింపబడును. గాలిలేని చోట ఇంజను ముట్టించుట అప్పటికి నమ్మదగినది గాదు. 1957 మే నెలలో మొదటిది మంటలపాలయ్యెను. జూనులో మరియొకటి నేల వీడనేలేదు. జూలైలో ఎగిరినది గిరగిర తిరిగి ముక్కలయ్యెను. ఆగష్టు 21న ఎగిరినది గమ్యముచేరెను. ఆ అక్టోబరు 4న అదే రాకెట్టు 83.6 కిలోగ్రాముల స్పూత్నికును భూమిచుట్టు తిప్పెను. 1961 ఏప్రిలు 12న గగారిను ఎక్కినదియు దానికి మరియొక అంతస్తు చేర్చినదే. లోకమంతయు జేజేలు పలికెను. కాని ఆ రాకెట్టు చేసినవాని పేరు మాత్రము రహస్యముగనే యుండెను.

ఇక మన ప్రస్తుత విషయమునకు వత్తము. సోవియటు దేశపు ఉత్తరప్రాంతములకు తంతులు వేయుట దుస్సాధ్యము. భూమధ్యరేఖపై 36,000 కిలోమీటర్ల యెత్తున నిలిచినట్లుండు ఉపగ్రహము ఉత్తరధ్రువ సమీపమువారికి సరిగా కానరాదు. ఉత్తరమున నున్న బైకొనూరు నుండి అచ్చటికి పంపుటకు శక్తియు నెక్కువ కావలెను. కావున దీర్ఘవృత్తకక్ష్యలో, పండ్రెండు గంటల కొకమారు తిరుగుచు, ఉత్తరదేశముపై చాలసేపు నిలుచునట్టి మోల్నియా అను ఉపగ్రహమును కొరొల్యోవు కార్యాలయము రూపించెను. దానిని మోయుటకు ఆర్-7నకు నాలుగవ అంతస్తు కావలసివచ్చెను. ఆ అంతస్తు ఆకసముననే ముట్టుకొనవలెను. భారము లేని చోట ఇంధనము తొట్టిలో చెదరి తేలును. దానిని అడుగునకు చేర్చుటకు ముందుగా చిన్న రాకెట్టులను కాల్చిరి. ఈ అంతస్తుచే శుక్ర, అంగారక నౌకలు పెక్కు నష్టమయ్యెను. 1964లో తొలి మోల్నియా కక్ష్యకే చేరలేదు. రెండవదాని ఏరియళ్లు విచ్చుకొనలేదు. 1965 ఏప్రిలు 23న ఒకటి నెగ్గెను. మాస్కో టెలివిజను వ్లదివొస్తోకున కనబడెను. 1967లో దేశమున ఇరువది గ్రాహకకేంద్రములు తెరువబడెను.

కొరొల్యోవు వానిని చూడలేదు. 1966 జనవరి 14న శస్త్రచికిత్స జరుగుచుండగా మరణించెను. చెరలో విరిగిన దవడ కారణముగా శ్వాసగొట్టము పెట్టుట కష్టమాయెనని చెప్పుదురు. వయస్సు 59. మరణానంతరముననే పత్రికలలో అతని పేరును ఛాయాపటమును వెలువడెను. చితాభస్మమును క్రెమ్లిను గోడయందుంచిరి.

అతని రాకెట్టు మాత్రము చావలేదు. ఆ వంశమునకు జెందిన సోయజు, 2019 మొదలు వన్‌వెబ్ సంస్థ యుపగ్రహములను 1,200 కిలోమీటర్ల యెత్తునకు మోసెను. ఇంత దగ్గరి కక్ష్యలో వార్త శీఘ్రముగా పోవును గాని, ఒక్కొక్క ఉపగ్రహము కొలది నిమిషములలో తలపైనుండి దాటిపోవును. కావున వందలకొలది కావలెను. వందలు పంపుటకు రాకెట్టులు వెంటవెంట ఎగురవలెను. అమెరికావారి స్టార్‌లింకు వేలసంఖ్యకు పెరుగుటకు వాడిన రాకెట్టును దింపి మరల వాడుటయే ముఖ్యకారణము.

2022 ఫిబ్రవరి నాటికి వన్‌వెబ్ ఉపగ్రహములు 428 ఆకసము చేరెను. అంతలో రష్యా ఉక్రెయినుపై, అనగా కొరొల్యోవు జన్మభూమిపై, దండెత్తెను. బ్రిటిషు ప్రభుత్వము ఆ సంస్థలో తన వాటా విడువవలెనని రష్యావారు షరతు పెట్టగా, మార్చిలో బైకొనూరునందు ఎగురుటకు సిద్ధముగానున్న 36 ఉపగ్రహములు నిలిచిపోయెను. సేవకై వేచియున్న ప్రదేశములు మరికొన్ని నెలలు వేచియుండవలసివచ్చెను. సంస్థవారు అమెరికా రాకెట్టులను, మన దేశపు ఎల్‌వీఎం-3నుగూడ ఆశ్రయించిరి. 2022 అక్టోబరు 23న అర్ధరాత్రి దాటిన ఏడు నిమిషములకు శ్రీహరికోట నుండి 36 ఉపగ్రహములతో, సుమారు 5,800 కిలోగ్రాముల బరువుతో, ఆ రాకెట్టు పైకి లేచెను. 2023 మార్చి 26 ఉదయము అదే తీరమునుండి మరి 36 ఎగిరెను. దానితో భూమండలమంతట సేవకు వలసిన సంఖ్య నిండెను.