రాబర్ట్ మిల్లికాన్

రాబర్ట్ ఆండ్రూస్ మిల్లికాన్ (మార్చి 22, 1868 - డిసెంబరు 19, 1953) సుప్రసిద్ధ అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త. ఎలక్ట్రాన్ విద్యుదావేశాన్ని నిర్ణయించినందుకు, కాంతి విద్యుత్ ఫలితంపై చేసిన పరిశోధనలకు ఈయనకు 1923లో నోబెల్ బహుమతి లభించింది.

బాల్యం, విద్య

మిల్లికాన్ ఇల్లినాయి రాష్ట్రంలోని మారిసన్‌లో జన్మించాడు. ఓబర్లిన్ కళాశాలలో ఆయన బాగా రాణించినది గ్రీకు భాషలో. భౌతికశాస్త్రం బోధించమని ఆయనను కోరినది కూడా గ్రీకు ఆచార్యుడే కావడం విశేషం. 1895లో కొలంబియా విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొంది, మరుసటి ఏడు షికాగో విశ్వవిద్యాలయంలో చేరాడు.

తైలబిందు ప్రయోగం

రెండు లోహపు పలకల మధ్య సన్నని నూనె చుక్కలను వదలి, అవి గాలిలో పడే వేగాన్ని, విద్యుత్ క్షేత్రంలో పైకి లేచే వేగాన్ని మిల్లికాన్ కొలిచాడు. ఈ కృషిలో ఆయన శిష్యుడు హార్వే ఫ్లెచర్ పాత్ర గణనీయమైనది. అయినా 1910 నాటి తైలబిందు పత్రంపై మిల్లికాన్ పేరు ఒక్కటే కనిపిస్తుంది. 1913లో 58 చుక్కల కొలతల ఆధారంగా ఎలక్ట్రాన్ ఆవేశాన్ని 1.592 × 10⁻¹⁹ కూలూంబులుగా ప్రకటించాడు. తన విలువలో సుమారు 0.2 శాతం అనిశ్చితి ఉండవచ్చునని అంచనా వేశాడు.

స్నిగ్ధత వలన కలిగిన దోషం

నిజమైన విలువ దీనికంటే 0.6 శాతం ఎక్కువ. లోపం ఆయన స్వీకరించిన గాలి స్నిగ్ధత విలువలో ఉన్నది. అది సుమారు 0.4 శాతం తక్కువ. చుక్క వ్యాసార్ధం స్నిగ్ధత వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది. బరువు వ్యాసార్ధపు ఘనానికి అనుపాతంలో ఉంటుంది. కనుక ఆవేశం స్నిగ్ధత యొక్క 3/2 ఘాతాన్ని అనుసరిస్తుంది, దోషం ఒకటిన్నర రెట్లవుతుంది. పలకల మధ్య వోల్టేజి కొలతలో దోషమైతే పెరగక, తగ్గక అంతే శాతంలో ఫలితానికి చేరుతుంది. చుక్కల సంఖ్య పెంచితే యాదృచ్ఛిక దోషాలు తగ్గుతాయి గాని, అన్ని చుక్కలకూ ఉమ్మడిగా వాడిన స్నిగ్ధత వలన కలిగే క్రమ దోషం చెక్కుచెదరదు.

ఆ దోషం అక్కడితో ఆగలేదు. ఫారడే స్థిరాంకాన్ని ఈ ఆవేశంతో భాగించి పొందిన అవగాడ్రో సంఖ్య ఎక్కువగా వచ్చింది. 1916లో కాంతి విద్యుత్ ప్రయోగపు సరళరేఖ వాలును ఇదే ఆవేశంతో గుణించి లెక్కించిన ప్లాంక్ స్థిరాంకం తక్కువగా వచ్చింది. 1928 తరువాత, ఎక్స్ కిరణాల తరంగదైర్ఘ్యాలను గీతలు గీసిన గ్రేటింగులతో కొలిచి పొందిన ఆవేశపు విలువ మిల్లికాన్ విలువతో సరిపోలలేదు. 1935లో స్వీడన్‌లో గాలి స్నిగ్ధతను తిరిగి కొలవడంతో ఈ తేడాకు కారణం తెలిసింది. 2019 మే 20 నుండి ఎలక్ట్రాన్ ఆవేశ పరిమాణం 1.602176634 × 10⁻¹⁹ కూలూంబులుగా నిర్వచనం ద్వారానే స్థిరపడింది.

చరమ జీవితం

1921లో మిల్లికాన్ కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థకు (కాల్‌టెక్) వెళ్ళి, 1945 వరకు దానికి సారథ్యం వహించాడు. కాస్మిక్ కిరణాలకు ఆ పేరు పెట్టినది ఈయనే. 1953లో కాలిఫోర్నియాలోని శాన్ మారినోలో మరణించాడు.