పసిపిల్లల ఉస్తాద్ ఇస్మాయీల్ మీరఠీ

ఉర్దూలో ఒకే అక్షరం మాట మొదట ఒక రూపంలో, మధ్యలో ఇంకో రూపంలో, చివర వేరొక రూపంలో కనిపిస్తుంది. ఖాయిదా పట్టిన పిల్లలు తడబడేది ఇక్కడే. విడి అక్షరాలన్నీ గడగడ అప్పజెప్పే పిల్లవాడు అదే అక్షరం మాటలో కలిస్తే పోల్చుకోలేక ఆగిపోవడం ఉపాధ్యాయులుగా మేము ఎన్నోసార్లు చూశాము. ఈ చిక్కును పసివాని వైపు నుంచి ఆలోచించిన మహనీయుడు మౌల్వీ ముహమ్మద్ ఇస్మాయీల్ మీరఠీ.

ఆయన 1844 నవంబరు 12న మీరఠ్‌లో జన్మించారు. 1857 తిరుగుబాటు ఆ ఊళ్ళోనే రాజుకున్నప్పుడు ఆయనకు పన్నెండేళ్ళు. చిన్న వయసులోనే విద్యాశాఖ కార్యాలయంలో ఉద్యోగంలో చేరారు. పిమ్మట సహారన్‌పూర్, మీరఠ్ పాఠశాలల్లో ఫార్సీ బోధించారు. 1888లో ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చే ఆగ్రా నార్మల్ స్కూలుకు వెళ్ళి, 1899లో పదవీ విరమణ చేశారు.

ఆ కాలంలో సాదీ గులిస్తాన్ వంటి ఫార్సీ గ్రంథాలను పసివాళ్ళ చేత కంఠస్థం చేయించేవారు. అర్థం సంగతి తర్వాత! మీరఠీ సాహెబ్ పిల్లల కోసం తేలికైన ఉర్దూలో ఒక ఖాయిదా, దాని వెంట ఐదు వాచకాలు రచించారు. అక్షరం నుంచి చిన్న మాటకు, మాట నుంచి పొట్టి వాక్యానికి మెట్టు మెట్టుగా నడిపించారు. ఆవు, నీటి మర, మిణుగురు, తాబేలు, కుందేలు ఆయన గేయాలకు వస్తువులయ్యాయి. తెలిసిన మాటే కాగితం మీద కనిపిస్తే పిల్లవాడు ఇష్టంగా చదువుతాడు.

వాన తొలి చినుకు మీద ఆయన రాసిన గేయం ప్రసిద్ధం. ఎండిన నేలకు నేనొక్కదాన్ని ఏపాటి అని ప్రతి చినుకూ వెనుకాడుతుంది. ఒక చినుకు ధైర్యం చేసి దూకగానే మిగతావన్నీ దాని వెంట కురుస్తాయి.

విరమణ తర్వాత ఆయన మీరఠ్‌లో బాలికలకు పాఠశాల నెలకొల్పారు. 1917 నవంబరు 1న కన్నుమూశారు. ఆయన వాచకాలతో తరతరాల పిల్లలు చదువు నేర్చుకున్నారు.

తల్లిదండ్రులారా! మన ఇళ్ళలో ఉర్దూ మాట్లాడుతూనే, తాతగారి ఉత్తరం చదవలేని పిల్లలు ఎందరో ఉన్నారు. రోజుకు పావుగంట చాలు. మా, కమర్, ఖలమ్ అనే మూడు మాటలు రాసి, మీమ్ అక్షరం ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి. మొదట, నడుమ, చివర దాని మూడు రూపాలూ పిల్లలకు ఆటలాగే పట్టుబడతాయి. తొలి చినుకు మన ఇంటి నుంచే పడాలి.