గణితోపాధ్యాయుడు హెర్మన్ గ్రాస్‌మన్

వేసవి సెలవులు ముగిసి బడులు తెరచు దినములు సమీపించినప్పుడు ఉపాధ్యాయుడు రెండు విధముల సిద్ధపడవచ్చును. నిరుడు చెప్పిన పాఠమునే మరల చెప్పుటకు సిద్ధపడుట యొక విధము. ఆ పాఠమునకు మూలమేమియో తాను మొదట విచారించి, పిమ్మట బాలుర యెదుట నిలుచుట రెండవ విధము. ఈ రెండవ మార్గమున జీవితమంతయు నడచి, బడిపంతులుగనే పుట్టినయూర కన్నుమూసి, గణితశాస్త్రమునకును మన ఋగ్వేదాధ్యయనమునకును శాశ్వతమైన మేలు చేసిన మహనీయుడు హెర్మన్ గ్రాస్‌మన్. గ్రంథాలయ రజతోత్సవ సంచికలో విదేశీయుని చరిత్ర యేల యని చదువరులు శంకింపవచ్చును. చదువువారు లేక మూలబడిన పుస్తకమొకటి కాలాంతరమున లోకమునకు వెలుగైన కథ ఇందు గలదు. కావున నీ చరిత్ర మనకు దూరమైనది కాదు.

గ్రాస్‌మన్ 1809 ఏప్రిల్ 15వ తేదీన స్టెట్టిన్ పట్టణమున జన్మించెను. ఆ పట్టణము నాడు ప్రష్యా రాజ్యములోని పొమరేనియా సీమలో నుండెడిది. నేడు పోలండు దేశమున ష్చెచిన్ అను పేర నున్నది. తండ్రి యుస్టస్ గ్రాస్‌మన్ ఆ యూరి జిమ్నాసియమున, అనగా ఉన్నత పాఠశాలలో, గణితమును భౌతికశాస్త్రమును బోధించుచుండెను. పండ్రెండుగురు సంతానములో హెర్మన్ మూడవవాడు. బాల్యమున నితనికి మతిమరపును పరధ్యానమును మెండు. ఈ పిల్లవానికి తోటపనియో చేతిపనియో చాలునని తండ్రియే తలచెను. కాని క్రమముగ శ్రద్ధ కుదిరి, పదునెనిమిదవ యేట పాఠశాల తుదిపరీక్షలో రెండవవాడుగ నిలిచెను.

1827లో బెర్లిన్ విశ్వవిద్యాలయమున చేరి క్రైస్తవ మతశాస్త్రమును, గ్రీకు లాటిన్ భాషలను అభ్యసించెను. అచట గణితపాఠములను వినలేదు. 1830లో ఇల్లు చేరిన పిమ్మటనే గణితమును స్వయముగ సాధింపసాగెను. మరుసటి యేట ఉపాధ్యాయ పరీక్షకు కూర్చుండగా, క్రింది తరగతులకు మాత్రమే బోధింపవచ్చునని పరీక్షకులు అనుమతించిరి. 1832లో స్టెట్టిన్ జిమ్నాసియమున సహాయోపాధ్యాయుడయ్యెను. 1834లో బెర్లిన్ నగరమున నొక వృత్తివిద్యాశాలలో, సుప్రసిద్ధ జ్యామితివేత్త యాకబ్ స్టైనర్ విడిచిన స్థానమున నియుక్తుడై, ఏడాదికి పైగా నచట నుండి, 1836లో స్వస్థలమునకు మరలివచ్చెను. అటుపిమ్మట కొలువునకై ఆ యూరు విడువలేదు.

పై తరగతులకు గణితము బోధించు అర్హతకై 1840లో మరల పరీక్షకు పోయెను. అందులకై సముద్రపు ఆటుపోటులనుగూర్చి యొక దీర్ఘవ్యాసము వ్రాసెను. అందలి గణనపద్ధతి పూర్తిగ క్రొత్తది. దాని బీజము మాత్రము తండ్రి వ్రాసిన బడిపుస్తకములో నుండెను. పొడవును వెడల్పుతో గుణించిన వైశాల్యము వచ్చునని పొలము కొలుచువారందరు నెరుగుదురు. ఇది సంఖ్యల గుణకారము మాత్రమే కాదు, రేఖలనే గుణించినట్లు భావింపవచ్చునని యుస్టస్ సూచించియుండెను. కుమారుడు ఆ సూచనను పట్టుకొని, రేఖకు నిడివియే కాక దిక్కు కూడ గలదని విచారించెను. ఊరినుండి చెరువునకు, చెరువునుండి గుడికి నడచిన నడకలను కూడినచో, ఊరినుండి గుడికి నేరుగ పోయిన నడకయే ఫలము. ఇది రేఖల సంకలనము. రెండు రేఖలను గుణించిన వాని నడుమ నేర్పడు సమాంతర చతుర్భుజము లభించును. గుణించు వరుసను తారుమారు చేసినచో ఫలము ఋణమగును. మన కంటికి తోచు మూడు పరిమాణములతో నాగక, ఎన్ని పరిమాణములకైనను చెల్లునట్లు ఈ విద్యను విస్తరించి, 1844లో వ్యాప్తిశాస్త్రమను నర్థముగల పేరుతో నొక గ్రంథము ప్రకటించెను.

ఆ గ్రంథమును చదివినవారు మిక్కిలి అరుదు. అందు తత్త్వవిచారము హెచ్చు, ఉదాహరణములు తక్కువ. మ్యోబియస్ వంటి పండితుడే విమర్శ వ్రాయ నంగీకరింపలేదు. అయినను లైప్సిగ్ నగరపు విద్వత్సంఘమొకటి 1846లో ఈయన వేరొక వ్యాసమునకు బహుమానమిచ్చెను. మరుసటి యేడు గ్రాస్‌మన్ విశ్వవిద్యాలయోద్యోగమునకై ప్రభుత్వమును కోరెను. అభిప్రాయమిమ్మని కోరబడిన గణితవేత్త కుమ్మర్, విషయము మంచిదే గాని చెప్పిన తీరు లోపభూయిష్ఠమని వ్రాసెను. ఉద్యోగము రాలేదు.

గ్రాస్‌మన్ బడిని వదలలేదు, బడిపనిని చులకన చేయలేదు. 1842లోనే బాలురకై జర్మన్ వ్యాకరణమును, లాటిన్ ప్రథమపాఠములను వ్రాసియుండెను. 1849లో వివాహమాడెను. పదునొకండుగురు బిడ్డలు కలుగగా ఏడుగురు పెరిగి పెద్దవారైరి. 1852లో తండ్రి మరణింపగా, జిమ్నాసియమున తండ్రి స్థానమే ఈయనకు లభించెను. 1861లో అంకగణితమును, 1865లో త్రికోణమితిని విద్యార్థులకై రచించెను. రాబోవు విద్యాసంవత్సరములకు ఆయన చేసిన సన్నాహము ఈ పుస్తకములే.

ఆ అంకగణితమున నొక విశేషము గలదు. రెండును మూడును కూడినను, మూడును రెండును కూడినను ఐదే యని చంటిపిల్లలకు చెప్పి ముందునకు సాగుదుము. అది ఏల అట్లగునని గ్రాస్‌మన్ ప్రశ్నించెను. ఒకటి చేర్చుట యను ఒక్క క్రియను మాత్రము గ్రహించి, దానినుండి కూడికను గుణకారమును నిర్వచించి, వాని నియమములను మెట్టుమెట్టుగ నిరూపించెను. 1889లో ఇటలీ దేశపు పెయానో సంఖ్యాశాస్త్రమునకు పునాదులు వేయునప్పుడు ఈ బడిపుస్తకమును ఆధారముగ గొనెను.

1862లో తన మొదటి గ్రంథమును సమూలముగ తిరిగివ్రాసి, మున్నూరు ప్రతులు సొంతఖర్చుతో నచ్చొత్తించెను. అదియు లోకుల దృష్టికి రాలేదు. అంతట నాయన శ్రమ మరియొక వైపునకు తిరిగెను. అప్పటికి కొన్నియేండ్లుగ సంస్కృతము నేర్చుచుండెను. ‘ధా’ ధాతువు ద్విత్వము పొందినప్పుడు మొదటి ధకారము దకారమై ‘దధాతి’ యగుట, ‘భూ’ ధాతువునకు ‘బభూవ’ యను రూపము కలుగుట మన వ్యాకరణము చదివినవారెరిగినదే. ఇట్లే గ్రీకుభాషయందును ‘తిథేమి’ మున్నగు రూపములు గలవు. పక్కపక్క అక్షరములలో రెండు మహాప్రాణములు వచ్చినచో మొదటిది తన ప్రాణమును విడుచునని 1863లో ఈయన నిరూపించెను. భాషాశాస్త్రజ్ఞులు దీనిని నేటికిని గ్రాస్‌మన్ సూత్రమనియే పేర్కొందురు.

పిమ్మట ఋగ్వేదమునకు నిఘంటువు కూర్చెను. ఏ పదము ఏ రూపమున ఏ ఋక్కునందు వచ్చినదో చూపు మహాగ్రంథమది. 1873 మొదలు 1875 వరకు వెలువడెను. 1876, 1877 సంవత్సరములలో ఋగ్వేదమునకు జర్మన్ పద్యానువాదము రెండు సంపుటములుగ వచ్చెను. భారతభూమిని కన్నులార చూడనివాడు, పగలు బాలురకు లెక్కలు చెప్పువాడు, ఇంతటి పనిని తీరికవేళల సాధించెను. ఆ నిఘంటువును వేదపరిశోధకులు నేటికిని వాడుచున్నారు. 1876లో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయము ఈయనకు గౌరవ డాక్టరు పట్టమిచ్చెను.

ఆ సంవత్సరముననే 1844 నాటి గ్రంథపు ప్రకాశకులు ఈయనకొక లేఖ వ్రాసిరి. పుస్తకము అమ్ముడుపోనందున సుమారు ఆరువందల ప్రతులను 1864లో చిత్తుకాగితముల క్రింద వాడివేసితిమనియు, మిగిలిన కొలది ప్రతులును వెళ్లిపోయెననియు, తమ గ్రంథాలయమున ఒక్క ప్రతి మాత్రమే యున్నదనియు తెలిపిరి. కాని యప్పటికే గాలి తిరుగుచుండెను. 1867లో హాంకెల్ అను యువపండితుడు ఈయన గణితమును తన గ్రంథమున వివరించెను. 1871లో గ్యోటింగెన్ విద్వత్పరిషత్తు సభ్యునిగ నెన్నుకొనెను. మొదటి గ్రంథమునకు రెండవ కూర్పు సిద్ధమగుచుండగా గ్రాస్‌మన్ క్రొత్త పీఠిక వ్రాసి యిచ్చెను. అది 1878లో వెలువడెను. ఆయన 1877 సెప్టెంబరు 26వ తేదీననే స్వస్థలమున పరమపదించియుండెను.

నేడు మన జూనియర్ కళాశాలలలో బాలబాలికలు సదిశలను పేర చదువు పాఠమునకు మూలపురుషులలో ఈయన యొకడు. ఇరువదవ శతాబ్దమున ఫ్రెంచి గణితవేత్త కార్టన్ మొదలగువారు ఈయన గుణకారమును ఉన్నతగణితమున ప్రధానసాధనముగ జేసిరి.

ఏండ్ల తరబడి ఎవరును తీసికొనని పుస్తకములను తూకమునకు అమ్మివేయుదమను మాట గ్రంథాలయములలో అప్పుడప్పుడు వినబడుచుండును. స్థలము చాలని కష్టము నిజమే. అట్టి మాట వచ్చినప్పుడు ఆ ఆరువందల ప్రతులను, మిగిలిన యొక్క ప్రతిని సభ్యులు తలచుకొందురు గాక. ఈ యేడు బడి తెరచునప్పుడు మన పంతుళ్లును, వారి శిష్యులును, తెలిసినదే యనుకొన్న పాఠమును మరియొక సారి మూలమునుండి తరచి చూతురు గాక. ఆ పనికి వలయు పుస్తకములను సమకూర్చుటయే ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయమునకు తగిన ఉత్సవము.